చౌటుప్పల్ పక్క ఊళ్లో ఏడేళ్లు ఉన్నాక

ఎల్బీనగర్‌లో అద్దె కట్టలేక 2018 చివర్లో చౌటుప్పల్‌కి మూడు కిలోమీటర్ల లోపలున్న మా మేనమామ వాళ్ల ఊరికి మారాం. నా డ్యూటీ అమీర్‌పేటలో. ఆ సెప్టెంబర్‌లోనే ఎల్బీనగర్ దాకా మెట్రో రావడంతో ధైర్యం చేశాం.

విజయవాడ హైవే మీద ప్రయాణంతో ఇబ్బంది లేదు. నల్గొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కునుకు తీసేలోపు చౌటుప్పల్. బాధంతా ఆ మూడు కిలోమీటర్లే. రాత్రి ఎనిమిదిన్నర దాటితే షేర్ ఆటో నిండదు, నిండందే కదలదు. ‘ఇంకిద్దరొస్తే పోదాం సార్’ అని డ్రైవరన్న బీడీ ముట్టించాడంటే అరగంట అక్కడే. చివరికి పాత స్కూటీ కొని, తెలిసినవాళ్ల కిరాణా కొట్టు ముందు పెట్టి పోతున్నాను. ఇటు రావాలనుకునేవాళ్లు ఇల్లు తర్వాత, ముందు బండి పెట్టుకునే చోటు చూసుకోండి.

2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక మా ఆవిడ కుట్టుపని సామానుకి దిల్‌సుఖ్‌నగర్ దాకా జీరో టికెట్ మీదే వెళ్లొస్తోంది. పొద్దున ఎనిమిదింటికి సీటు మాత్రం అడగొద్దు.

నీళ్ల గురించే అందరూ అడుగుతారు. ఇది ఫ్లోరైడ్‌తో నలిగిన నేల. మా వీధి చివరి తాత నడుము వంగిపోయి, మనిషి మొహం చూడాలంటే పక్కకు తిరగాలి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే సర్కారు పథకం మిషన్ భగీరథ పైలాన్ (గుర్తుగా కట్టిన స్తంభం) చౌటుప్పల్‌లోనే ఉంది. తాగడానికి, వంటకు మాకు ఆ నల్లా నీళ్లే. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు. బోరు నీళ్లు పోసిన బకెట్‌కు సున్నం కొట్టినట్టు తెల్లగా కడుతుంది కానీ అది ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, మరిగించినా పోదు. కొత్తగా వచ్చినవాళ్లు కాచి తాగుతున్నాం కదా అంటుంటారు, అందుకే చెప్తున్నా. పైపు పగిలిన రోజు క్యాన్ పట్టుకుని ప్లాంటు దగ్గర లైనే.

కోతుల సంగతి మాకెవరూ చెప్పలేదు. మేడ మీద ట్యాంకు మూత తీసి ఈత కొడతాయి. తీగతో కట్టాం, ఒకటి మెలిక విప్పడం నేర్చుకుంది. ఇప్పుడు తాళం వేశాం. వడియాలు ఎండబెట్టడం మానేశాం.

నెట్, కరెంటు ఫర్వాలేదు. జ్వరానికి ఊళ్లో ఆర్‌ఎంపీ, అంతకు మించితే సిటీయే.

సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర కార్లు బారులు తీరుతాయి. భోగి ముందు రెండ్రోజులు నేను లీవు పెట్టేస్తాను.