ఈబీ పుండ్లకు ఏది మేలు?

మా చిన్నోడిది డిస్ట్రోఫిక్ ఎపిడెర్మోలైసిస్ బులోసా. ఇంట్లో ఈబీ అనేస్తాం. చర్మం పైపొరను కిందపొరకు పట్టి ఉంచే ఏడో రకం కొల్లాజెన్ వాడికి పుట్టుకతోనే లోపం. చొక్కా కుట్టు ఒరుసుకున్నా బొబ్బే. ఓసారి ఆసుపత్రిలో సెలైన్ సూది కదలకుండా మామూలు ప్లాస్టర్ అంటించారు. పీకేసరికి దాంతోపాటు చర్మమూ వచ్చింది.

కొత్త మందుల వార్తలు ఎవరు పంపినా నేను ముందు అడిగేది, మీ పిల్లలది ఏ రకం అని. చర్మం పైపొరలోనే చీలే సింప్లెక్స్ రకమైతే, అమెరికాలో అనుమతి వచ్చిన, నేను కింద చెప్పే మూడు మందుల్లో ఒక్కటీ దానికి కాదు. అందుకే మొదట జన్యు పరీక్ష. మనకు జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ, నిమ్స్ ఆసుపత్రి హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

వైజువెక్ జెల్‌కు 2023లో అనుమతి వచ్చింది. శరీరంలో పెరగలేని హెర్పిస్ వైరస్‌తో కొల్లాజెన్ జన్యువును చర్మానికి అందిస్తారు. వారానికోసారి పుండు మీద ముగ్గు చుక్కల్లా వరుసగా వేయాలి. 31 మందిపై చూస్తే, ఆరు నెలలకు 67 శాతం పుండ్లు పూర్తిగా మానాయి. మందు కలపని జెల్‌తో మానినవి 22 శాతం. బర్చ్ చెట్టు బెరడుతో చేసే ఫిల్సువెజ్ లేపనానికి వచ్చిన లెక్క, 45 రోజుల్లో 41 శాతం, మందు లేనిదానితో 29. గడువులు వేరు కాబట్టి ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి తూచకండి. లేపనం, చర్మం రెండు పొరలూ కలిసే చోట చీలే జంక్షనల్ రకానికీ పనికొస్తుంది, జెల్ డిస్ట్రోఫిక్‌కే. 2025లో వచ్చిన జెవాస్కిన్ అయితే రోగి కణాలనే సరిచేసి, పొరలుగా పెంచి, ఆపరేషన్‌తో అతికిస్తారు. అదీ రెసెసివ్ డిస్ట్రోఫిక్‌కు, అంటే అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వచ్చిన రకానికి మాత్రమే.

నా ఓటు జెల్‌కే. మత్తు అక్కర్లేదు, కొత్త పుండు పడితే మళ్ళీ వేసుకోవచ్చు. కానీ అమెరికాలో దాని ఖర్చు ఏడాదికి 6 లక్షల డాలర్లు దాటుతుంది!

కాబట్టి మా ఇంట్లో అసలు పోటీ పుండు మీద కట్టే రెండు కట్లకే: పారాఫిన్ పూసిన గాజ్ గుడ్డకూ, మెత్తటి సిలికాన్ ఫోమ్‌కూ. గాజ్ చవక, కోఠిలో ఏ సర్జికల్ షాపులోనైనా దొరుకుతుంది. అయితే ఎండాకాలం ఫ్యాన్ కింద ఆరిపోయి పుండుకు అతుక్కుంటుంది. అప్పుడు మగ్గుతో గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ ఇరవై నిమిషాలు కూర్చోవాలి, వాడు ఏడుస్తూనే ఉంటాడు. సిలికాన్ ఆ బాధ లేకుండా ఊడొస్తుంది, చెమటకు మాత్రం అంచులు లేస్తాయి. మోకాళ్ళకూ వీపుకూ సిలికాన్, రోజూ మార్చాల్సిన వేళ్ళ సందులకు వాసెలిన్ దట్టించిన గాజ్ అని సర్దుకున్నాం.

ఏది కట్టినా బొబ్బను ముందు శుభ్రమైన సూదితో పొడిచి నీరు తీయాలి, పైతోలు అలాగే ఉంచాలి. నీరు తీయకపోతే బొబ్బ పాకి పెద్దదవుతుంది. మా అత్తమ్మకు ఇది ఇప్పటికీ నచ్చదు. సూది చేతికి తీసుకోగానే ఆమె బాల్కనీలోకి వెళ్ళిపోతుంది.