రేగడి, బండ, ఇసుక: వరంగల్ నుంచి గోదావరి ఒడ్డు దాకా ఏ చిన్న ఫోర్ బై ఫోర్ ఎక్కడ పనికొస్తుంది

వరంగల్ నుంచి ములుగు మీదుగా గోదావరి దిక్కు పోతే నూటయాభై కిలోమీటర్ల లోపలే నేల మూడు తీర్లుగా మారుతుంది. పరకాల, రేగొండ వైపు పత్తి చేలల్లో నల్లరేగడి. ములుగు దాటాక ఎర్ర చెల్క, మొరం, అక్కడక్కడ పైకి తేలిన బండ. మంగపేట, ఏటూరునాగారం దగ్గర ఇసుక. ఈ మూడింటి మీదా ఒకే తీరుగా నడిచే బండి లేదు. కంపెనీ ఇచ్చిన బండిని మార్చకుండా వాడేవాళ్ళు హార్స్ పవర్ అంకె కన్నా ముందు బండి బరువు, టైరు వెడల్పు, టైర్లో గాలి చూడాలి. ఈ దారుల్లో దిగబడ్డ బండ్లలో ఎక్కువ శాతం ఇంజను చాలక దిగబడినవి కావు.

ఇక్కడ పోల్చేవి నాలుగు బండ్లు. మొదటిది మారుతి జిమ్నీ: 1.5 లీటర్ల పెట్రోలు, 105 పీఎస్ (హార్స్ పవర్), 134 ఎన్ఎం టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), బరువు 1,200 కేజీల దరిదాపు, టైరు 195/80 ఆర్15. రెండోది 2020 తరువాతి మూడు తలుపుల మహీంద్రా థార్: పెట్రోలు 150 పీఎస్, డీజిల్ 130 పీఎస్, బరువు 1,700 కేజీల పైనే, టైరు 255/65 ఆర్18 గానీ 245/75 ఆర్16 గానీ. మూడోది ఫోర్స్ గూర్ఖా: 2.6 లీటర్ల డీజిల్, 2024 నుంచి 140 పీఎస్, ముందు వెనక రెండు డిఫరెన్షియల్ లాకులూ (ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పేవి) ఫ్యాక్టరీ నుంచే. నాలుగోది ఇప్పుడు సెకండ్ హ్యాండులోనే దొరికే మారుతి జిప్సీ: 1.3 లీటర్లు, వెయ్యి కేజీల దరిదాపు బరువు, నాలుగు చక్రాలకూ పట్టీల స్ప్రింగులు. 2023లో వచ్చిన 1.5 లీటర్ల డీజిల్ థార్ వెనక చక్రాల బండి మాత్రమే. చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి అద్దెకు తీసుకునేటప్పుడు గేరు పక్కన రెండో లివరు ఉందో లేదో చూసుకోండి.

మొదట రేగడి సంగతి. తొలకరి పడ్డ రెండు రోజులకు రేగొండ, చిట్యాల వైపు పొలం బాటలు చూడ్డానికి ఆరినట్టే ఉంటాయి. పై పొర మాత్రం జిగట. జిమ్నీకి కంపెనీ ఇచ్చే హెచ్/టీ టైరు రోడ్డు టైరు కాబట్టి దాని గాడులు పది మీటర్లలోనే మట్టితో పూడిపోతాయి. అయినా ఆ టైరు సన్నగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. జానెడు లోపు బురద ఉండి కింద గట్టి నేల ఉంటే అది బురదను కోసుకుని గట్టిదాకా దిగుతుంది. థార్ వెడల్పు టైరు అదే బురద మీద తేలి పక్కకు జారుతుంది. బురద లోతు పెరిగి కింద గట్టి తగలనప్పుడు లెక్క తిరగబడుతుంది. 255/65 ఆర్18 టైరు ఎత్తు 789 మిల్లీమీటర్లు, జిమ్నీది 693 మాత్రమే. గ్రౌండ్ క్లియరెన్సు కూడా థార్‌కు 226, జిమ్నీకి 210. మోకాలి లోతు రేగడిలోకి మాత్రం నాలుగింటిలో దేన్నీ దింపకండి.

దింపే ముందే బండి ఆపి ఫోర్-లో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలం ఇచ్చే గేరు) వేయండి. బండి పూర్తిగా ఆగాలి, క్లచ్ నొక్కి ఉండాలి, ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో ఉండాలి. జిగట బురదలో ఫోర్-లో ఒకటో గేరు పనికిరాదు. చక్రం నెమ్మదిగా తిరిగితే గాడుల్లోని మట్టి రాలదు, టార్క్ ఎక్కువై చక్రం తవ్వుకుంటుంది. రెండో గేరులో, సాఫీగా, ఆపకుండా పోవాలి. ముందుకు కదలిక తగ్గుతుంటే స్టీరింగును కుడికీ ఎడమకూ పావు చుట్టు చొప్పున ఆడించండి, టైరు అంచులు పక్క మట్టిని పట్టుకుంటాయి. కదలిక ఆగిన క్షణం యాక్సిలరేటర్ వదిలేసి వచ్చిన చాళ్ళలోనే వెనక్కి రావాలి. ఇంకో నాలుగు సెకన్లు రేజ్ చేస్తే యాక్సిల్ నేలకు కూర్చుంటుంది, ఆ తరువాత ట్రాక్టరే గతి.

ట్రాక్టర్ చాళ్ళున్న బాటలో ఇంకో చిక్కుంది. నాట్ల కాలంలో కేజ్ వీల్స్‌తో పోయిన ట్రాక్టర్ చాళ్ళు బాగా లోతుగా ఉంటాయి, నడుమ మట్టి గట్టులా లేస్తుంది. చాళ్ళలోనే పోతే బండి కడుపు గట్టు మీద వాలుతుంది. ఒక పక్క చక్రాలు నడిగట్టు మీద, రెండో పక్కవి బయటి అంచు మీద ఉండేలా నడపాలి. ఇక్కడ జిమ్నీ 1,645 మిల్లీమీటర్ల వెడల్పు మంచిది. 1,820 ఉన్న థార్ అంచు దాటి కంచె ముళ్ళలోకి పోతుంది.

కాలువ గట్టు, పొలం గట్టు అడ్డంగా దాటాల్సి వస్తే జిమ్నీ బలహీనత బయటపడుతుంది. ఐదు తలుపుల కోసం వీల్‌బేస్ 2,590 మిల్లీమీటర్లకు పెంచారు కాబట్టి ర్యాంప్ కోణం (కడుపు తగలకుండా దాటగల గట్టు వాలు) 24 డిగ్రీలే. 2,450 వీల్‌బేస్ ఉన్న థార్‌కు 27. ముందు కోణం (ముందు బంపరు తగలకుండా ఎక్కగల వాలు) కూడా జిమ్నీకి 36, థార్‌కు 41 పైన. తీరుగా ఎదురెక్కితే థార్ దాటే గట్టు మీద జిమ్నీ కడుపు గీరుకుంటుంది. ఏటవాలుగా ఎక్కిస్తే కడుపు తగలదు. కానీ ఎదురెదురు మూలల చక్రాలు రెండూ గాల్లోకి లేస్తాయి. జిమ్నీలో లేచిన చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి బలం పంపేది ఎలక్ట్రానిక్స్ పని. అది పట్టుకోవడానికి మూడు నాలుగు సెకన్లు యాక్సిలరేటర్ నిలకడగా ఉంచాలి. చాలామంది చక్రం తిరగ్గానే భయపడి కాలు తీస్తారు, దాంతో బ్రేకు వదిలేస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. థార్ పై మోడళ్ళలో వెనక యాక్సిల్‌కు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటుంది. అదీ చక్రం కొంచెం తిరిగాకే టక్కున పడుతుంది, ఆ చప్పుడుకు కంగారు పడొద్దు. గూర్ఖాలో లాకు మన చేతిలోనే ఉంటుంది కాబట్టి ఎక్కకముందే వేసుకోవచ్చు. ఒర్రెలు, గట్లు దాటడంలో ఈ నాలుగింటిలో గూర్ఖాదే పైచేయి. ముందు లాకు వేసినప్పుడు స్టీరింగ్ తిరగదు, అందుకే తిన్నగా పోయే చోటే అది వేయాలి. జిప్సీకి ఇవేవీ లేవు. పట్టీలు గట్టివి కాబట్టి చక్రం తొందరగా లేస్తుంది, లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది. జిప్సీని ఆదుకునేది దాని తేలికదనమే. దిగబడితే నలుగురు మనుషులు నెట్టి తీయగల బండి ఇదొక్కటే.

రామప్ప, లక్నవరం దారులకు ఫోర్ బై ఫోర్ అవసరమే లేదు, తారు బాగుంది. తారు ఆరి ఉన్నప్పుడు టూ-హైలోనే (వెనక రెండు చక్రాలతోనే) నడపండి. ఈ బండ్లలో ముందు వెనక యాక్సిళ్ళ నడుమ డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి, తారు మీద జారే వీలు లేక ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు వెనకలకు పంచే గేరుపెట్టె) మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకోవడం, లివరు వెనక్కి రాకపోవడం దాని గుర్తులు. పది మీటర్లు రివర్స్ తీస్తే వదులుతుంది.

పస్రా దాటితే అడవి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏటూరునాగారం, పాకాల రెండూ అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి బండి తిప్పడం నేరం. 2024 ఆగస్టు చివరి రోజున తాడ్వాయి, మేడారం నడుమ సుడిగాలికి సుమారు 50 వేల చెట్లు కూలాయి. అలాంటి అడవి తేరుకోవాలంటే మొలకల మీద టైర్లు పడకూడదు. ఊళ్ళ మధ్య బాటలు, పంచాయతీ దారులు, పట్టాదారు ఒప్పుకున్న చెల్కలు చాలు. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఆదిమానవుల రంగు బొమ్మలున్నాయి, అక్కడ బండను ఎక్కే సరదా అసలు వద్దు. ఎండాకాలం ఇంకో ప్రమాదం. ఎండుటాకుల మీద బండి నిలిపితే వేడెక్కిన సైలెన్సర్ తగిలి ఆకులకు నిప్పంటుకుంటుంది. డీజిల్ బీఎస్6 బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే వడపోత) తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు వేడి మరీ ఎక్కువ. ఆకుల్లేని మొరం మీదే ఆపండి.

మేడారం జంపన్న వాగు, మంగపేట దగ్గర గోదావరి ఒడ్డు: ఇసుకకు బండిని అలవాటు చేసుకోవడానికి జనవరి నుంచి మే దాకా మంచి కాలం. జాతర మాసం మాత్రం వదిలేయండి. రెండేళ్ళకోసారి ఆ రోజుల్లో దారులన్నీ వన్‌వే చేస్తారు, వాగంతా జనమే. ఇసుకలోకి పోయే ముందు గాలి దించాలి: జిమ్నీ, జిప్సీలకు 16 పీఎస్ఐ, థార్, గూర్ఖాలకు 18. అప్పుడు టైరు పొడవుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. పదిహేను కన్నా తగ్గిస్తే పదునుగా తిప్పినప్పుడు టైరు రిమ్ నుంచి ఊడొస్తుంది. ఇసుకలో బ్రేకు వేయొద్దు. వేస్తే చక్రాల ముందు ఇసుక కుప్ప పడుతుంది, మళ్ళీ కదలడానికి ఆ కుప్పే అడ్డం. కాలు తీసి దొర్లనిచ్చి, కుదిరితే పల్లం వైపు ముక్కు పెట్టి ఆపండి. జిమ్నీ ఇంజను బలం 4,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది కాబట్టి మెత్తటి ఇసుకలో ఫోర్-లో రెండు, మూడు గేర్లే వాడాలి. థార్ పెట్రోలుకు 1,250 నుంచే 300 ఎన్ఎం ఉంది. కాలు సుతారంగా లేకపోతే కదిలే ముందే తవ్వుకుంటుంది. ఇసుకకు ఒక్క బండి ఎంచుకోమంటే జిమ్నీకే ఓటు.

నీళ్ళ విషయంలో కంపెనీ అంకెలు నమ్ముకుని వాగులో దిగకండి. థార్‌కు 650, గూర్ఖాకు 700 మిల్లీమీటర్లు అంటే నిలిచిన నీళ్ళ లెక్క. పారే నీళ్ళు రెండడుగులుంటే ఏ బండినైనా లేపుతాయి. 2023 జులై 27న ముగిసిన ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వరదకే మోరంచపల్లి ఊరు మునిగింది, జంపన్న వాగు కొండాయి దగ్గర మనుషుల్ని మింగింది. ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా పైన పడ్డ వానకు వాగు పొంగుతుంది. కట్టె పట్టుకుని ముందు నడిచి చూడండి. మోకాలు దాటినా, అడుగు కనపడకపోయినా వెనక్కి తిరగాల్సిందే.

వెంట ఉండాల్సినవి ఎక్కువేం కాదు. బ్యాటరీకే నేరుగా క్లిప్పులతో తగిలించే 12 వోల్టుల గాలి పంపు కావాలి, లైటర్ సాకెట్‌కు పెడితే ఫ్యూజు పోతుంది. ప్రెషర్ గేజి, ఎనిమిది పది మీటర్ల నైలాన్ టోచన్ తాడు, జిమ్నీకి 3.25 టన్నుల, థార్‌కు 4.75 టన్నుల షాకిల్స్ (తాడును హుక్కుకు తగిలించే ఇనుప కొక్కేలు) రెండేసి. జాకీ కింద వేయడానికి అడుగు చదరం మందపాటి ప్లైవుడ్ ముక్క తప్పనిసరి, రేగడిలో అది లేకుండా జాకీ పైకి లేవదు, కిందికి దిగుతుంది. ట్రాక్టర్ వాళ్ళు ఇనుప గొలుసు తెస్తారు. గొలుసు తెగితే అద్దంలోంచి లోపలికి వస్తుంది, కాబట్టి మీ తాడే ఇవ్వండి. బంపరుకో యాక్సిల్‌కో కట్టనీయకుండా చాసిస్ హుక్కుకే కట్టించండి.

మకాం ఎక్కడన్నది బండిని బట్టి కూడా చూడాలి. లక్నవరంలో పర్యాటక సంస్థ హరిత కాటేజీలు చెరువు నడుమ దీవి మీద ఉన్నాయి. వేలాడే వంతెన మీద సామాను మోసుకుపోవాలి, బండి ఒడ్డునే ఉంటుంది. కుటుంబానికి చాలా బాగుంటుంది. కానీ సాఫ్ట్ టాప్ థార్, జిప్సీలకు తాళం పడని వెనక భాగంలో పంపు, తాడు, పనిముట్లు వదిలిపోవడం మంచిది కాదు. తాడ్వాయిలో దిగితే బండి కళ్ళ ముందే ఉంటుంది, మేడారం, ఏటూరునాగారం రెండూ దగ్గర, తెల్లారి చల్లబడ్డ ఇసుక మీదికి త్వరగా పోవచ్చు. గదులు తక్కువ కాబట్టి ముందే మాట్లాడుకోవాలి. హన్మకొండలో దిగడం దూరమే కానీ మరమ్మతుకు అదే నయం. మారుతి, మహీంద్రా రెండింటి సర్వీసు అక్కడే దొరుకుతుంది. గూర్ఖా ఇంజను ట్రావెలర్ వ్యాన్లలో వాడేదే కనుక ట్రావెలర్లు బాగుచేసే మెకానిక్ ఇంజను వరకు చూడగలడు. డిఫరెన్షియల్ లాకు చెడితే ఎవరికైనా చూపించే ముందు కంపెనీ సర్వీసుకే ఫోన్ చేయండి. జిమ్నీ ట్యాంకు 40 లీటర్లే, ఫోర్-లోలో పెట్రోలు తాగుతుంది. ములుగులో నింపుకుని, ఏటూరునాగారంలో మళ్ళీ నింపి, ఆ తరువాత ముల్లకట్ట వంతెన దాటి వాజేడు, బొగత వైపు పోవాలి. పస్రా దాటాక అడవిలో ఫోన్ సిగ్నల్ నిలకడగా ఉండదు. సాయానికి పిలవాల్సిన నంబరు కాగితం మీద కూడా ఉంచుకోండి.

తిరుగు ప్రయాణంలో ఎన్‌హెచ్ 163 ఎక్కకముందే గాలి తలుపు స్టిక్కరు మీదున్న అంకెకు నింపాలి. 18 పీఎస్ఐతో 80 మీద పోతే టైరు వేడెక్కి పక్క చీలుతుంది. రిమ్ముల లోపలి మట్టిని కట్టెతో గీకి తీయండి. రేగడి ఆరి గట్టిపడితే 70, 80 దగ్గర స్టీరింగ్ వణుకుతుంది, చాలామంది దాన్ని అలైన్‌మెంట్ అనుకుని డబ్బులు పోస్తారు. డీజిల్ థార్ అయితే ఫోర్-లోలో గంటలకొద్దీ నెమ్మదిగా నడిచి డీపీఎఫ్ నిండి ఉంటుంది, హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా 60 పైన నడిపితే లోపలి మసి దానంతటదే కాలిపోతుంది. నీళ్ళల్లో దిగిన బండికి మర్నాడే డిఫరెన్షియల్ ఆయిల్ ప్లగ్ విప్పి వేలితో చూడండి. ఆయిల్ పాలు కలిపిన చాయలా ఉంటే నీళ్ళు పోయినట్టు, ముందు వెనక రెండిట్లోనూ మార్చాలి. జిమ్నీ, జిప్సీల్లో ముందు చక్రాల వెనక గుండ్రటి నకిల్ దగ్గర గ్రీజు బయటికి కారిందేమో చూడాలి. అక్కడి సీల్‌లోకి బురద పోతే కింగ్‌పిన్ బేరింగులు అరుగుతాయి, గతుకుల మీద స్టీరింగ్ గడగడలాడటం మొదలవుతుంది. సీల్ ఒక్కటే పాడైనప్పుడే మార్పిస్తే బేరింగుల ఖర్చు తప్పుతుంది.