కదలని సైకిలు మీద నాలుగేళ్లు

మా అమ్మ దీన్ని గానుగ అంటుంది. ఎద్దు ఎంత తిరిగినా ఊరు దాటదు, వీడు ఎంత తొక్కినా గది దాటడు అని. విశాఖలో ఇల్లు, రామకృష్ణా బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే దారి, అయినా గది మూలలో సైకిలు బిగించుకుని తొక్కేవాణ్ణి చూస్తే ఎవరైనా అంతే అంటారు. 2021 వేసవిలో బయటికి వెళ్లే వీలు లేక, ఇంట్లో సైకిలు తొక్కుతూ ఇంటర్నెట్‌లో ఇతరులతో కలిసి ఆడే జ్విఫ్ట్ అనే ఆట మొదలుపెట్టాను. ఆ వీలు ఎప్పుడో వచ్చింది. నేను మాత్రం వారానికి మూడు రోజులు ఇంకా ఆ మూలలోనే కనిపిస్తాను.

తెలియని వారి కోసం రెండు మాటలు. వెనుక చక్రం తీసేసి (చవక రకాల్లో తీయకుండానే) సైకిలును స్మార్ట్ ట్రెయినర్ అనే యంత్రానికి బిగిస్తాం. పెడల్ మీద మనం పెట్టే శక్తిని అది వాట్లలో కొలిచి కంప్యూటర్‌కు పంపుతుంది. తెర మీద దారి ఎత్తెక్కితే పెడల్ బరువెక్కుతుంది. ఎక్కువగా తిరిగేది వాటోపియా అనే కల్పిత దీవిలో. ఫ్రాన్స్‌లోని ఆల్ప్ ద్యూయెజ్ కొండదారిని 21 మలుపులతో సహా ఆ దీవి మీదికి తెచ్చి పెట్టారు. పొడవు 12.2 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 1,036 మీటర్లు. నాకు ఇప్పటిదాకా గంటా ఆరు నిమిషాల కంటే తక్కువలో సాధ్యపడలేదు.

ముందుగా ఫ్యాను గురించి చెప్పాలి, ఎందుకంటే ట్రెయినర్ అమ్మేవాడు చెప్పడు. పెడల్ మీద 200 వాట్లు పెడుతున్నామంటే, దానికి మూడు నాలుగు రెట్ల శక్తి వేడిగా శరీరంలో పుడుతున్నట్టే. రోడ్డు మీద ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. గదిలో గాలి ఉండదు, విశాఖ తేమలో చెమట ఆరదు. మొదటి నెల సీలింగ్ ఫ్యానును నమ్ముకుని, ఇరవై నిమిషాలకే కళ్లు తిరిగి దిగిపోయేవాణ్ణి. నా దమ్ము ఇంతే కాబోలని బెంగపడ్డాను. పెద్ద పెడెస్టల్ ఫ్యాను ఎదురుగా పెట్టిన రోజున అదే పని నలభై నిమిషాలు చేశాను. చెమట ఇంకో పని కూడా చేస్తుంది. హ్యాండిల్ బిగించే బోల్టులు ఏడాదిలోనే తుప్పు పట్టాయి. ఇప్పుడు హ్యాండిల్ మీదుగా పాత తువ్వాలు కట్టందే తొక్కను.

ఇక అంకెలు. మొదట కొన్నది టైరును రోలరుకు ఆనించే చవక రకం. టైరులో గాలి కాస్త తగ్గినా, రోలరు వేడెక్కినా లెక్క మారిపోతుంది. ప్రతిసారీ పది నిమిషాలు తొక్కి వేడెక్కాక సరిచేసుకోవాలి. నేను బద్ధకించేవాణ్ణి. ఏడాదిన్నర తర్వాత, చక్రం తీసి నేరుగా గొలుసు తగిలించే రకం కొన్నాను. తయారీదారు చెప్పే తేడా రెండు శాతం లోపు. మొదటి పరీక్షలోనే నా సామర్థ్యం ఒక్క రాత్రిలో 19 వాట్లు పడిపోయింది. జ్వరమేమో అనుకున్నాను. కాదు, అంతకుముందు ఏడాదిన్నరపాటు చూసి మురిసిపోయిన వాట్లలో కొన్ని నావి కావు, టైరువి.

ఈ మాట ఇంత సాగదీయడానికి కారణం రేసులు. ఇక్కడ బలాన్ని బరువుతో భాగించి చూస్తారు. మొదట్లో తరగతుల హద్దులు సూటిగా ఉండేవి: గంటసేపు నిలబెట్టగల శక్తి కిలోకు 2.5 వాట్లు దాటితే సీ, 3.2 దాటితే బీ, 4 దాటితే ఏ. తర్వాత లెక్కలు మారాయి, 2024 నుంచి చాలా రేసుల్లో రేసింగ్ స్కోరు వచ్చింది. ఏ పద్ధతి పెట్టినా బరువు మాత్రం మనమే రాసుకోవాలి. 74 కిలోల మనిషి 70 అని రాస్తే కొండ మీద రెక్కలొస్తాయి, అడిగేవాడు లేడు. పెద్ద పోటీల్లో మాత్రం అడుగుతారు, బరువొక్కటే కాదు. 2019లో బ్రిటన్ తొలి జాతీయ ఈ-రేసు గెలిచిన వ్యక్తి, ఆటలోని ఓ ప్రత్యేక సైకిలును కంప్యూటర్ ప్రోగ్రాం సాయంతో సంపాదించాడని తేలడంతో పతకం పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరులో ఇదే వేదిక మీద జరిగిన తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల విజేత జేసన్ ఆస్బోర్న్, అప్పటికి పడవ పందేల క్రీడాకారుడు. కాళ్లలో ఉన్నది ఉన్నట్టు బయటపడే ఆట అని నాకు నమ్మకం కుదిరింది ఆయన వల్లే.

ఒంటరిగా తొక్కి ఉంటే ఆరు నెలల్లో మానేసేవాణ్ణి. నిలబెట్టింది గురువారం.

గురువారాల్లో జట్టుగా కాలంతో పోటీ పడే రేసు జరుగుతుంది. ఒక జట్టులో ఎనిమిది మంది దాకా ఉండవచ్చు. తరగతులకు కాఫీ పేర్లు పెట్టారు, ఎస్ప్రెసో, ఫ్రాపే, లాటే అంటూ. మాది లాటే. మా జట్టులో ఇద్దరు డచ్చివారు, ఒక స్కాట్లండ్ టీచరు, డాలస్‌లో ఉండే తెనాలి అబ్బాయి, నేను, మరొకరు. నన్ను వాళ్లలో చేర్చింది తెనాలి అబ్బాయే. ఐరోపా వాళ్ల సాయంత్రం మనకు రాత్రి పదకొండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నాక గది తలుపు వేసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, గుసగుసలాడుతూ రేసు చేసే ఏకైక సభ్యుణ్ణి నేనే.

ఆట ఇలా ఉంటుంది. తెర మీద కూడా ముందున్నవాడు గాలిని చీల్చాలి, వెనుకవాళ్లు అతని చాటున తక్కువ శక్తితో సాగుతారు. నలభై సెకన్లు కాగానే ముందువాడు తప్పుకుని చివరికి చేరాలి. నాలుగో మనిషి గీత దాటిన క్షణమే మా జట్టు సమయం. కాబట్టి మొదటివాడు ఎంత వేగంగా పోయినా ఉపయోగం లేదు, నాలుగోవాణ్ణి బతికించుకోవాలి. చాలాసార్లు ఆ నాలుగోవాణ్ణి నేనే. కొండ మొదలవగానే టీచరు గొంతు వినిపిస్తుంది: నా పేరు పిలిచి, "నువ్వు ముందుకు రావద్దు, చాటునే ఉండు" అని. ఆ మాట మొదట్లో అవమానంగా తోచేది. తర్వాత అర్థమైంది, అది పనిభారం పంచే మాట. చదునులో నా వంతు నలభై సెకన్లు కాకుండా యాభై తీసుకుని బాకీ తీర్చుకుంటాను.

ఒకసారి తుపాను రోజుల్లో, ఇంకో మూడు నిమిషాల్లో రేసు ముగుస్తుందనగా కరెంటు పోయింది. చీకట్లో, నిరోధం లేక గిరగిరా తిరిగే పెడళ్ల మీద కాసేపు పిచ్చివాడిలా తొక్కాను. నేను లేక మిగిలినవాళ్లలో ఒకరు బొత్తిగా అలసిపోయి, జట్టు ఎప్పుడూ లేనంత వెనుకబడింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడే ట్రెయినర్‌కు, రూటర్‌కు, కంప్యూటర్‌కు కలిపి యూపీఎస్ కొన్నాను.

డేటా సమకాలీకరణ అన్నిటికంటే తక్కువ కష్టపడాల్సిన చోటు. నేను ఎక్కువ కష్టపడ్డదీ అక్కడే. రైడు ముగియగానే దాని వివరాలన్నీ ఉన్న ఒక ఫిట్ ఫైలు తయారై, వ్యాయామాలు నమోదు చేసి పంచుకునే స్ట్రావా యాప్‌కు, శిక్షణ లెక్కలు చూపే ఇంటర్వల్స్ డాట్ ఐసీయూకు తనంతట తానే చేరుతుంది. ఇంతవరకు సాఫీ. నేను గుండె వేగం కోసం చేతి గడియారంలోనూ అదే రైడు నమోదు చేసేవాణ్ణి. గడియారం కంపెనీ యాప్ కూడా దాన్ని స్ట్రావాకు పంపేది. ఒక రైడు రెండై, వారం మొత్తం శ్రమ లెక్క రెట్టింపై, "మీకు విశ్రాంతి అవసరం" అని హెచ్చరికలు. పైగా రెండింటి కేలరీలకు పొంతన లేదు. గడియారం 900 అంటుంది, ట్రెయినర్ లెక్కలో చేసిన పని 620 కిలోజౌళ్లు. రెండోదాన్నే నమ్మండి. శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతే పెడల్‌కు చేరుతుంది, ఒక కేలరీకి నాలుగు కిలోజౌళ్లకు పైచిలుకు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కనుక ఎన్ని కిలోజౌళ్ల పని చేశామో దాదాపు అన్ని కేలరీలే ఖర్చు. గడియారాన్ని నమ్మి తిన్న పెసరట్లకు నేనే బాధ్యుణ్ణి.

ఇప్పుడు ఒకే దారి పెట్టుకున్నాను. ఛాతీ బెల్టు నేరుగా కంప్యూటర్‌కు, అక్కడి నుంచి ఒకే ఫైలు అన్ని చోట్లకూ. గడియారం తీసి బల్ల మీద పెడతాను. ఇంకొకటి: నా ట్రెయినర్ బ్లూటూత్‌లో ఒక సమయంలో ఒక్కరికే చిక్కుతుంది. ఫోనులోని యాప్ దాన్ని పట్టుకుని కూర్చుంటే కంప్యూటర్‌కు కనిపించదు. ఇది తెలియక ఒక రేసు ఆరంభమే పోగొట్టుకున్నాను. యాంట్ ప్లస్ అనే మరో వైర్‌లెస్ పద్ధతి అయితే ఎందరికైనా ఒకేసారి వినిపిస్తుంది, కంప్యూటర్‌కు తగిలించే దాని చిన్న రిసీవర్‌ను (డాంగిల్) యూఎస్‌బీ తీగతో ట్రెయినర్ దగ్గరికి జరపాలి.

చందా 2024లో నెలకు 15 డాలర్ల నుంచి 20కి పెరిగింది, మన డబ్బులో 1,700 రూపాయల పైమాటే. ఒంటరిగా తొక్కేవారికి అంత పెట్టమని చెప్పను. ఇలాంటిదే మైవూష్ అనే మరో ఆట ఉచితం, 2024 ప్రపంచ పోటీలు దాని మీదే జరిగాయి. జట్టు దొరికితే మాత్రం జ్విఫ్ట్. నేను 171 వాట్ల దగ్గర మొదలై 228కి వచ్చాను, 79 కిలోల నుంచి 74కి. ఆదివారాలు భీమిలి రోడ్డు మీద ఆ తేడా తెలుస్తోంది, రుషికొండ దాటాక ఎదురుగాలిలో ముఖ్యంగా.

పాత ట్రెయినర్ ఇంకా అటక మీదే ఉంది. మొన్న ఒక కుర్రవాడు కొంటానని వచ్చి, తొక్కి చూసి, తెర మీద తన అంకె చూసుకుని పొంగిపోయాడు. టైరు సంగతి చెప్పాను. ఆలోచించుకుని చెబుతానని వెళ్లాడు.