పిల్లలు పేచీ పెడితే: కొనిచ్చేయడమా, కాదనడమా, తర్వాత కొందాం అనడమా – ఏది మేలు?

ఈ మూడింట్లో కొనివ్వడమే చెడ్డదని చాలామంది అంటారు గానీ నేను ఒప్పుకోను, అంతకంటే చెడ్డది ఇంకోటుంది, మనం రోజూ చేసేది అదే. ముందు "కాదు" అంటాం, ఏడిస్తే "కాదన్నానా" అని అరుస్తాం, ఇంకా ఏడిస్తే చుట్టూ జనం చూస్తున్నారని పరువు పోతుందని చివరికి కొనిచ్చేస్తాం. అడగ్గానే కొనిస్తే వాడికి అర్థమయ్యేది అడిగితే దొరుకుతుందని. అంతసేపు ఏడిపించి ఇస్తే అర్థమయ్యేది అంతసేపు ఏడిస్తే దొరుకుతుందని. రెండోది చాలా గట్టిగా ఎక్కుతుంది అండి.

బి.ఎఫ్. స్కిన్నర్ లాంటి సైకాలజిస్టులు ఎప్పుడో తేల్చిన సంగతే ఇది, ప్రతిసారీ ఫలితం ఇచ్చే అలవాటు ఆ ఫలితం ఆగిపోతే తొందరగానే పోతుంది, ఒక్కోసారి ఇచ్చి ఒక్కోసారి ఇవ్వకపోతే మాత్రం అంత తేలిగ్గా వదలదు, ఈసారి రాకపోయినా వచ్చేసారి రావచ్చు కదా అని ఆశ ఉంటుంది. ఇంకో చిక్కేంటంటే మనం ఇవ్వడం మానేసిన కొత్తలో ఏడుపు తగ్గదు సరికదా ఇంకా పెరగొచ్చు. సరిగ్గా అక్కడే చాలామంది చేతులెత్తేసి "మేం కూడా ట్రై చేశాం, మావాడి దగ్గర పనిచేయదు" అంటారు. పైగా కొనివ్వగానే ఏడుపు ఆగి మనకీ ప్రాణం కుదుటపడుతుంది కదా, అంటే అలవాటు పడుతోంది వాడొక్కడే కాదు, మనం కూడా.

సరే, అడగ్గానే కొనిచ్చేయడం సంగతి. గొడవ ఉండదు, టైం కలిసొస్తుంది, అబద్ధం ఎందుకు. కానీ కొత్త వస్తువు మీద మోజు పెద్దలకే నిలవదు, పిల్లలకి ఏం నిలుస్తుంది. 2018లో అమెరికాలో చిన్నపిల్లల ముందు 16 బొమ్మలు పెట్టి ఒకసారి, 4 మాత్రమే పెట్టి ఒకసారి చూశారు, తక్కువ ఉన్నప్పుడే ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడుకున్నారు. 2015లో రిచిన్స్, చాప్లిన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రేమనీ మెప్పునీ వస్తువుల రూపంలో అందుకుని పెరిగినవాళ్ళు పెద్దయ్యాక కూడా వస్తువులతోనే తమ విలువ కొలుచుకునే అవకాశం ఎక్కువని రాశారు. అది పెద్దవాళ్ళు తమ చిన్నతనం గుర్తుచేసుకుని చెప్పినదే కాబట్టి కారణం ఇదొక్కటే అనలేం.

"తర్వాత కొందాం" అనేది అందరికీ నచ్చే దారి. ఇది బాగానే పనిచేస్తుంది, ఒకే ఒక్క షరతు, ఆ తర్వాత అనేది నిజంగా రావాలి. 2013లో అచ్చయిన ఒక ప్రయోగంలో 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలకి మంచి రంగులు తెస్తాం ఆగండి అని చెప్పి కొందరికి నిజంగా తెచ్చారు, కొందరికి సారీ లేవు అన్నారు. ఆ తర్వాత కాసేపు ఆగితే ఒకటికి రెండు మిఠాయిలు ఇస్తాం అంటే, మాట నిలబెట్టుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన చోట 3 నిమిషాలే. అంటే ఓపిక పిల్లాడి గుణం మాత్రమే కాదన్నమాట, మన మాట మీద నమ్మకం కూడా. "చూద్దాంలే" అని తప్పించుకునేవాళ్ళు దీని జోలికి వెళ్ళకపోవడమే నయం, నిజంగా కొనేదైతే ఎప్పుడో చెప్పి వాడి ముందే రాసిపెట్టండి, చాలాసార్లు ఆ రోజు వచ్చేసరికి వాడికే అక్కర్లేదు.

ఇక కాదని నిలబడటం. నా ఓటు దీనికే, కాకపోతే దీన్ని కఠినంగా ఉండటం అనుకుంటారు జనం, అక్కడే తేడా కొడుతుంది. వస్తువు ఇవ్వొద్దు అన్నాం గానీ ఒళ్ళోకి తీసుకోవద్దు అనలేదు కదా! చిన్నపిల్లల పేచీలో కోపం మొదట్లోనే పైకి లేచి తగ్గిపోతుంది, దుఃఖం మాత్రం చివరిదాకా ఉంటుంది. కోపంలో ఉన్నప్పుడు లెక్చర్ ఇస్తే ఎక్కదు, మాటలు తగ్గించి పక్కనే ఉంటే చాలు, కోపం దిగాక వాడే దగ్గరికి వస్తాడు, అప్పుడు దగ్గరకు తీసుకోండి. జనం చూస్తుంటే బయటికి తీసుకెళ్ళండి, ఆకలో నిద్రో అయితే ముందు అది చూడండి, అప్పుడు అసలు పేచీ వస్తువు గురించి కాదు.

అసలు అడగకుండానే మనం కొనిచ్చే సందర్భాలు ఇంకో రకం. ఫ్రెండ్ ఊరు మారిపోయాడని, ఆటలో ఓడిపోయిందని, మనం లేటుగా వచ్చామని ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంటే "పద, ఏదైనా కొందాం" అంటాం. అక్కడ సమస్య ఎక్కువగా మనదే, ఆ ముఖం చూడలేం, తప్పు చేశామన్న ఫీలింగ్ ఒకటి. వాళ్ళకి అప్పుడు కావాల్సింది వినే మనిషి, కాబట్టి ఇక్కడ మాత్రం నేను అస్సలు కొనొద్దు అంటాను, ఒక్కసారి కూడా.

మనసు మార్చుకోకూడదని రూలేం లేదు, పిల్లలు మామూలుగా అడిగి కారణం చెబితే వినండి, ఏడుపు మొదలయ్యాక మాత్రం మార్చొద్దు. తాతయ్యలకీ అమ్మమ్మలకీ ఇదంతా ముందే చెప్పుకోవాలి, లేకపోతే మనం కాదన్నది సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. కాస్త పెద్దపిల్లలైతే పాకెట్ మనీ ఇచ్చి వాళ్ళనే నిర్ణయించుకోమనడం ఇంకా సులువు, పనికిరానిది కొని తర్వాత బాధపడినా పడనివ్వండి, డబ్బులు సరిపోలేదని ఏడిస్తే మిగతాది మనం కలిపి ఇచ్చామా, కథ మళ్ళీ మొదటికే.