పాత అంబాసిడర్‌కి డైనమో ఉంచాలా, ఆల్టర్నేటర్ వేయాలా? మన ఘాట్ రోడ్లకి ఏది మేలు?

ఒడిశాలో రాయగడ, జైపూర్, కోరాపుట్ వైపు పాత అంబాసిడర్ ఉన్న మనవాళ్లలో ఎవరిని కదిపినా మాట చివరికి బ్యాటరీ దగ్గరికే వస్తుంది. కొత్తది వేసినా ఎంతోకాలం ఆగట్లేదని ఒకరు, రాత్రి లైట్లు వేస్తే హారన్ సరిగా పలకట్లేదని ఇంకొకరు. మిస్త్రీ దగ్గర జవాబు రెడీగా ఉంటుంది: "డైనమో పీకేసి ఆల్టర్నేటర్ వేసేద్దాం బాబూ." రెండూ ఇంజన్ బెల్టుతో తిరిగి బ్యాటరీకి ఛార్జ్ ఇచ్చేవే; డైనమో పాత రకం, ఆల్టర్నేటర్ కొత్త రకం. కొన్ని బళ్లకి అది సరైన మాటే. కానీ కొలవకుండా పీకించుకోవద్దు.

ముందు ఫ్యాన్ బెల్టు చూడండి. మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి, అంతకంటే వదులుంటే జారుతుంది. బ్యాటరీ టెర్మినళ్లు, బ్యాటరీని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ శుభ్రం చేసి బిగించండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగానికి పడిపోయినట్టు. చాలా బళ్ల సమస్య ఇక్కడే తేలిపోతుంది.

డైనమో బండిలో అసలు కొలత, ఛార్జింగ్‌ని అదుపు చేసే కటౌట్ బాక్సు దగ్గర. లూకాస్ ఆర్‌బీ106 రకం బాక్సు మూత తీస్తే రెండు కాయిల్స్ కనిపిస్తాయి. ఒకటి కటౌట్, బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా ఆపేది. రెండోది రెగ్యులేటర్, వోల్టేజీని అదుపు చేసేది. ఎ, ఎ1 టెర్మినళ్ల వైర్లు విప్పి ఒకదానితో ఒకటి కలపాలి. వాటిలో బ్యాటరీ కరెంటు ఉంటుంది, కాబట్టి బాడీకి తగలకుండా గుడ్డ చుట్టండి. వోల్ట్‌మీటర్‌ని డి టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టి, ఇంజన్ స్పీడు మెల్లగా పెంచండి. ముల్లు మీటరైతే మంచిది. ముల్లు పైకి పోతూ పోతూ ఒక్కసారి అదిరి, నిలబడిపోతుంది. నిలబడిన చోట 20 డిగ్రీల వాతావరణంలో 16.0 నుంచి 16.6 వోల్టుల దాకా ఉండాలి.

ఆ 16 చూసి కంగారుపడి స్క్రూ తిప్పేస్తుంటారు. అది లోడ్ లేనప్పటి లెక్క. వైర్లు మళ్లీ కలిపాక, కరెంటు పారుతుంటే బాక్సులోని మందపు తీగ చుట్టు వోల్టేజీని దానంతటదే కిందికి దించుతుంది. అదే 16 ఆల్టర్నేటర్ బండిలో బ్యాటరీ మీద కనిపిస్తే మాత్రం యాసిడ్ నీళ్లు ఇగిరిపోతాయి, బ్యాటరీ ఉడికిపోతుంది. ఒకే అంకె ఒక చోట ఆరోగ్యం, ఇంకో చోట జబ్బు.

నిజంగా తేడా ఉంటేనే రెగ్యులేటర్ లాక్ నట్ వదులు చేసి స్క్రూని కొద్దికొద్దిగా తిప్పండి. కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తగ్గుతుంది. ఈ పని ఒక్కో విడతలో అర నిమిషంలోపు ముగియాలి. కాయిల్ వేడెక్కితే మీటర్ తప్పు చూపిస్తుంది. వాతావరణం 10 డిగ్రీలు వేడెక్కితే అంకె 0.1 వోల్టు తగ్గాలి. మే నెల మధ్యాహ్నం రాయగడలో చూసిన అంకె, జనవరి పొద్దున్న సెమిలిగుడ చలిలో చూసిన అంకె ఒకటిగా ఉండవు, ఉండకూడదు కూడా.

కొలతలన్నీ సరిగ్గా ఉన్నా డైనమోకి ఒక హద్దుంది. లూకాస్ సీ40 రకం డైనమో గట్టిగా తిరిగితే ఇచ్చేది 22 ఆంపియర్లు. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు, దాదాపు ఏమీ ఇవ్వదు. సాలూరు నుంచి సుంకి ఘాట్ సెకండ్ గేర్‌లో ఎక్కుతుంటే చిక్కు లేదు, ఇంజన్ బాగానే తిరుగుతుంది. మంచులో లైట్లు, వైపర్లు వేసుకుని లారీల వెనక నిలబడినప్పుడే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. పైగా చాలామంది 100 వాట్ల హాలోజెన్ బల్బులు పెట్టించారు. రెండూ కలిపి 16 ఆంపియర్ల పైనే తింటాయి. ఇగ్నిషన్, వైపర్లు, వెనక దీపాలు కలిపితే డైనమోకి ఊపిరాడదు. బల్బులు 60/55 వాట్ల రకానికి మార్చి, వెనక దీపాలకి ఎల్‌ఈడీలు పెడితే చాలా భారం తగ్గుతుంది. ఆల్టర్నేటర్ కొనే ముందు ఈ చిన్న ఖర్చు చేసి చూడమనే నేను చెబుతాను.

మధ్యే మార్గం ఒకటుంది. పాత బాక్సులోనే అమరే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్. పాత బాక్సులో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్లు ఇందులో ఉండవు, మాటిమాటికీ సెట్టింగ్ గొడవ ఉండదు. కానీ డైనమో శక్తి అంతే. పాయింట్లు కాలిపోయి, సాపు చేసినా నిలవని బాక్సుకి తప్ప దీనికి డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

ఆల్టర్నేటర్ సంగతి వేరు. 35, 45 ఆంపియర్ల రకాలు సులువుగా దొరుకుతాయి, ఐడ్లింగ్‌లోనూ ఛార్జ్ చేస్తాయి. సాలూరు ఎలాగూ లారీల ఊరు కాబట్టి బిగించేవాళ్లకి కొదవ లేదు. రెగ్యులేటర్ లోపలే ఉండే రకాల్లో తిప్పడానికి స్క్రూ ఉండదు. బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే సరే. 15 దాటుతుంటే రెగ్యులేటర్ మార్చడమే.

రాత్రిపూట ఘాట్ దిగి విజయనగరం వెళ్లొచ్చే బండికి ఆల్టర్నేటరే మేలు. ఇందులో నాకు సందేహం లేదు, నడి ఘాట్‌లో చీకట్లో లైట్లు పోవడం ప్రాణాల మీదకి తెచ్చేదే. పగటిపూట పెళ్లిళ్లకి, చుట్టాల ఊళ్లకి తిరిగే బండికి, తాతల నాటి రూపం చెడకుండా చూసుకుంటున్న బండికి డైనమోనే ఉంచండి. ఏడాదికోసారి కార్బన్ బ్రష్‌లు, చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి బాక్సు కొలత చూస్తే చాలు.

ఆల్టర్నేటరే అనుకుంటే మూడు పనులు దగ్గరుండి చూసుకోండి. బాగా పాత బళ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. అది మార్చకుండా బిగిస్తే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు క్షణంలో పోతాయి. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి మందపాటి కొత్త వైరు లాగించండి, 22 ఆంపియర్లకి వేసిన పాత వైరు ఆ వేడికి తట్టుకోదు. డ్యాష్‌బోర్డు ఎర్ర దీపాన్ని తీసేయనివ్వకండి. చాలా రకాల్లో ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది.