బీఎండబ్ల్యూ 525ఐ టూరింగ్‌తో పదకొండేళ్లు

మా బండి 2001లో తయారైన బీఎండబ్ల్యూ 525ఐ టూరింగ్, అంటే పైకప్పు వెనక డిక్కీ చివరిదాకా సాగే ఎస్టేట్ రకం. కంపెనీ లెక్కలో ఈ39 తరం. 2014 ఏప్రిల్‌లో 3,800 యూరోలకు కొన్నాను. అప్పటికి మీటరు 1,68,000 కిలోమీటర్లు చూపిస్తోంది, పోయిన వారం 2,91,000 దాటింది. మేముండేది మ్యూనిక్ శివార్లలో. ఇంట్లో కారు ఇదొక్కటే. పిల్లల బడి, వారం సరుకులు, ఎయిర్‌పోర్టు, ఎండాకాలంలో ఇటలీ ప్రయాణం అన్నీ దీని మీదే. ఈ కారు పుట్టిన డింగోల్ఫింగ్ ఫ్యాక్టరీ మా ఇంటికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. అందుకే పార్టులకూ, దీని లోగుట్టు తెలిసిన మెకానిక్‌లకూ ఇక్కడ కొదవ లేదు.

ఇలాంటి బండి కొనాలనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే. ఇంజిన్ గురించి పెద్దగా బెంగ పెట్టుకోవద్దు. ఇంజిన్ చుట్టూ అల్లుకున్న ప్లాస్టిక్, రబ్బరు సామాను వయసు లెక్క చూసుకోండి. పదకొండేళ్లలో నన్ను ఇబ్బంది పెట్టిన ప్రతి సమస్యా అక్కడి నుంచే వచ్చింది.

ఎస్టేట్ అంటే మనవాళ్లలో కొందరికి 1992లో వచ్చిన టాటా ఎస్టేట్ గుర్తుండొచ్చు. మన దగ్గర ఆ ఆకారం పెద్దగా నిలబడలేదు. జర్మనీలో మాత్రం దాన్ని కాంబీ అంటారు, సంసారం ఉన్నవాళ్లు మొదట చూసేది దాన్నే. మా బండి డిక్కీ 410 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే 1,525 లీటర్లు. ఈ అంకెల కంటే నాకు బాగా అర్థమైన కొలత వేరే ఉంది. అమ్మానాన్న వచ్చినప్పుడు ఇద్దరివీ కలిపి 23 కిలోల పెట్టెలు నాలుగు, చేతి సంచులు రెండు, పచ్చళ్ల అట్టపెట్టె ఒకటి. అన్నీ డిక్కీలో పట్టాయి. ఆఖరి పెట్టె ఎవరి ఒళ్లోనూ పెట్టాల్సిన పని పడలేదు.

వెనక అద్దం విడిగా తెరుచుకోవడం ఇంకో సుఖం. డిక్కీ తలుపు మొత్తం ఎత్తకుండా అద్దం మాత్రమే లేపి కూరగాయల సంచి లోపల పడేయొచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వెనక గోడ దగ్గరగా ఉన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఇప్పటి కార్లలో ఈ సౌకర్యం అరుదైపోయింది, నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక ఇంజిన్. ఎం54 అనే 2,494 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో, 192 హార్స్‌పవర్. వరస ఆరు సిలిండర్లలో పిస్టన్లు జతలు జతలుగా కదులుతాయి: ఒకటీ ఆరూ, రెండూ అయిదూ, మూడూ నాలుగూ. ఒక జత పుట్టించే కుదుపును మిగతా జతలు సరిసమానంగా రద్దు చేస్తాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో కొన్నింటికి కుదుపు తగ్గించడానికి విడిగా బ్యాలెన్స్ షాఫ్టులు పెడతారు, దీనికి ఆ అవసరమే లేదు. మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ సిగ్నల్ దగ్గర "ఏరా, బండి ఆగిపోయిందా?" అని అడిగింది. ఆగలేదు, ఐడ్లింగ్‌లో ఉంది. పదకొండేళ్ల తర్వాత ఇప్పటికీ అంతే నెమ్మది. అయిదు గేర్ల మాన్యువల్ కాబట్టి ఊళ్లో మూడో గేర్‌లో వదిలేసి హాయిగా తిరగొచ్చు. ఏ9 హైవే మీద న్యూరెంబర్గ్ వైపు వేగ పరిమితి లేని చోట కాలు నొక్కితే మాత్రం దాని గొంతు మారుతుంది. ఆ శబ్దం కోసమే కొన్నిసార్లు అవసరం లేకపోయినా గేరు తగ్గిస్తాను.

ఇప్పుడు అసలు సంగతి, కూలింగ్.

2016 జులైలో గార్డా సరస్సుకి బయల్దేరాం. ఇన్స్‌బ్రుక్ దాటి బ్రెన్నర్ కనుమ వైపు ఎక్కుతున్నాం. వెనక సీట్లో పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు, ఏసీ నడుస్తోంది, ముందు లారీల వరస. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, తక్కువైందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వచ్చింది. టెంపరేచర్ ముల్లు సరిగ్గా మధ్యలోనే ఉంది. ముల్లుని నమ్మాలా, హెచ్చరికని నమ్మాలా అని ఆలోచిస్తుండగానే బానెట్ అంచు నుంచి ఆవిరి లేచింది, తియ్యటి వాసన కారంతా నిండింది. అదృష్టవశాత్తూ పక్కనే ఆగే చోటు దొరికింది. వెంటనే ఇంజిన్ ఆపేశాను. ఆ నిర్ణయమే ఇంజిన్‌ని కాపాడింది. బానెట్ ఎత్తి చూస్తే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, అంటే కూలెంట్ పోసే ప్లాస్టిక్ డబ్బా, అతుకు దగ్గర జానెడు మేర నిలువుగా చీలింది.

ఆ ప్రయాణానికి మూడు వారాల ముందే ఒక వర్క్‌షాపులో థర్మోస్టాట్ మార్పించాను. ట్యాంకు సంగతి ఏమిటని అడిగితే బాగానే ఉంది అన్నారు. అప్పటికే దాని అతుకు పొడవునా తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు గీత ఉంది. కూలెంట్ సన్నగా కారి ఎండితే అలాంటి మరకే పడుతుందని నాకు తర్వాత తెలిసింది. ప్లాస్టిక్ పార్టుల మీద చిన్న గడియారం బొమ్మలాంటి అచ్చు ఉంటుంది, తయారైన ఏడూ నెలా అందులో తెలుస్తాయి. మా ట్యాంకు మీద 2001 అని ఉంది. పదిహేనేళ్లు వేడినీళ్లలో ఉడికిన ప్లాస్టిక్ అది. తప్పు బండిది కాదు, వయసుది.

టెంపరేచర్ ముల్లు గురించి ప్రతి ఈ39 యజమానికీ తెలియాల్సిన విషయం ఉంది. సుమారు 75 డిగ్రీల నుంచి 110 డిగ్రీల దాకా అది మధ్యలోనే కదలకుండా నిలబడేలా అమర్చారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైపోయిందని అర్థం. ఎం54 బ్లాక్ అల్యూమినియంది. బాగా వేడెక్కితే ఇంజిన్ పై భాగాన్ని పట్టి ఉంచే హెడ్ బోల్టుల మరలు బ్లాకులోంచి ఊడిపోయే ప్రమాదం ఉంది, అక్కడితో బండి కథ ముగిసినట్టే. డ్యాష్‌బోర్డులో దాగి ఉన్న టెస్ట్ మెనూ ఒకటుంది. చాసిస్ నంబరు చివరి అయిదు అంకెలు కూడితే వచ్చే సంఖ్యతో దాన్ని తెరవొచ్చు. ఏడో టెస్టులో కూలెంట్ అసలు ఉష్ణోగ్రత డిగ్రీల్లో కనిపిస్తుంది. మాది మామూలుగా 93 నుంచి 98 మధ్య తిరుగుతుంది. కనుమ ఎక్కేటప్పుడు ఇప్పుడు నేను ముల్లుని చూడను, ఈ అంకెనే చూస్తాను.

ఆ ఏడాది రేడియేటర్, ట్యాంకు, దాని మూత, నీళ్ల పంపు, పైపులు, బెల్టులు, కప్పీలు అన్నీ ఒకేసారి మార్చాను. పంపు లోపల నీళ్లని తోసే రెక్కల చక్రం లోహంతో చేసినది ఎంచుకున్నాను. పార్టులకు 450 యూరోలు దాకా అయింది. పని నేనే చేశాను. ఇక్కడ గంటల లెక్కన లిఫ్టు, పనిముట్లు అద్దెకిచ్చే వర్క్‌షాపులు ఉంటాయి. అపార్ట్‌మెంట్ వాసులకు అవి పెద్ద వరం.

ఇవి మార్చిన తర్వాత కూలెంట్ దారిలో చిక్కుకున్న గాలి తీయడంలోనే చాలామంది తొందరపడతారు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి, హీటర్‌ని పూర్తి వేడికీ ఫ్యాన్‌ని అన్నిటికంటే తక్కువకీ తిప్పాలి. ట్యాంకు పక్కనున్న ప్లాస్టిక్ స్క్రూ వదులు చేసి కూలెంట్ సన్నటి ధారగా పోస్తూ ఉండాలి. మొదట ఆ రంధ్రంలోంచి గాలి బుసబుసమంటుంది, తర్వాత నురగ, ఆ తర్వాత బుడగ లేని నీలం ధార వస్తుంది. అప్పుడే బిగించాలి, అదీ వేళ్లతో పట్టుకున్నంత మెత్తగా. ప్లాస్టిక్ స్క్రూ కదా, బలం చూపిస్తే విరుగుతుంది. కూలెంట్ నీలం రంగుదీ, డిస్టిల్డ్ వాటరూ సగం సగం. కుళాయి నీళ్లు వద్దు.

2018 నవంబరులో ఇంకో సంగతి జరిగింది. ఒక ఉదయం చూస్తే బండి వెనక భాగం గేదె చతికిలబడినట్టు కూర్చుంది. టైరుకీ పై అంచుకీ మధ్య వేలు దూరలేదు. తాళం తిప్పగానే డిక్కీ కింద స్టెప్నీ దగ్గరున్న కంప్రెసర్ బుర్రుమంది, రెండు నిమిషాల్లో బండి లేచి నిలబడింది. మా బండికి వెనక స్ప్రింగుల స్థానంలో రబ్బరు గాలి బుడ్డీలు ఉన్నాయి. ఎంత బరువేసినా వెనక ఎత్తు సమంగా ఉంచడం వాటి పని. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి స్ప్రే కొట్టి చూశాను. ఎడమ బుడ్డీ కింది మడతలో, అన్నం గిన్నె అంచున లేచే బుడగల్లా, సన్నటి నురగ వరస కట్టింది. మడత విప్పి చూస్తే రబ్బరు ఎండిన చెరువు నేలలా నెర్రెలిచ్చింది. ఇలాంటప్పుడు వాయిదా వేయకూడదు. కారుతున్న గాలిని నింపుతూ నింపుతూ కంప్రెసర్ కాలిపోతుంది, దాని ధర బుడ్డీల కంటే చాలా ఎక్కువ. రెండూ కలిపి 230 యూరోలకు తెచ్చి మార్చాను. కొత్త బుడ్డీలో గాలి నిండకముందే బండిని లిఫ్టు దించకూడదు. రబ్బరు తప్పుగా మడత పడితే కొత్తదీ పాడవుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చలికాలంలో దగ్గర దూరాలే తిరిగితే ఆయిల్ మూత కింద వెన్నలాంటి పసుపచ్చ ముద్ద పేరుకుంటుంది. ఆ తేమే క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు గది) గాలి బయటకు పంపే వాల్వులో గడ్డకట్టి ఆయిల్‌ని సిలిండర్లలోకి పీల్పిస్తుంది. ఈ వాల్వు, దాని గొట్టాలూ చలి దేశాల కోసం మందపాటి తొడుగుతో దొరుకుతాయి, అవే వేయించాను. 2019లో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పికప్ తగ్గింది. ఇంజిన్ వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే వానోస్ యూనిట్ లోపలి రబ్బరు రింగులు గట్టిపడ్డాయట. కొత్త రింగులు వేశాక మళ్లీ పాత బండి దొరికినట్టయింది. ఒకసారి నంబర్ ప్లేటు లైటు, వెనక వైపరు, అద్దం తాళం ముగ్గురూ ఒకేసారి మొండికేస్తే బోలెడు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో వైర్లు ఒంగి ఒంగి తెగాయి. తెగినచోట మెత్తటి సిలికాన్ వైరు అతికితే సరిపోయింది.

ఆయిల్ 6.5 లీటర్లు పడుతుంది. కంపెనీ చెప్పిన గడువు పొడవుగానే ఉంటుంది, నేను మాత్రం ప్రతి 10,000 కిలోమీటర్లకూ మారుస్తాను. 3,000 కిలోమీటర్లకు లీటరు దాకా తాగుతుంది. ఈ ఇంజిన్‌కి అది మామూలే, డిక్కీలో ఒక డబ్బా ఎప్పుడూ ఉండాలి.

నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది తుప్పు ఒక్కటే. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. జాకీ పెట్టే చోట్లు, వెనక చక్రాల అంచులు, డిక్కీ తలుపు కింది అంచు, పెట్రోల్ ట్యాంకు మీదుగా పోయే బ్రేకు పైపులు, ఇవి నాలుగూ చూడకుండా ఈ బండి కొనొద్దు. మాకు రెండేళ్లకోసారి జరిగే తనిఖీలో 2021లో కుడివైపు జాకీ చోటు తుప్పు బయటపడింది. కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. తనిఖీ చేసినాయన స్క్రూడ్రైవర్‌తో తట్టి శబ్దం తేడా వినిపించారు. అప్పటి నుంచి ఏటా అక్టోబరులో అడుగు భాగం కడిగి, ఆరబెట్టి, మైనం కొట్టిస్తున్నాను.

డబ్బు లెక్క. పుస్తకంలో రాసుకున్న ప్రకారం టైర్లు, ఆయిల్, పార్టులు, వెల్డింగ్ అన్నీ కలిపి ఏడాదికి సగటున 900 యూరోలు. పని చాలావరకు నాదే కాబట్టి ఆ అంకె. అన్నీ వర్క్‌షాపుకి ఇస్తే రెట్టింపు దాటుతుంది. పెట్రోల్ వంద కిలోమీటర్లకు సగటున 10.7 లీటర్లు, ఊళ్లో చలికాలం 12.5, హైవే మీద 120లో పోతే 9. రోజూ ట్రాఫిక్‌లో నలభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను. రోడ్డు పన్ను ఏడాదికి 168 యూరోలు. ముప్పై ఏళ్లు నిండితే పాతకాలపు బండ్లకిచ్చే హెచ్ ప్లేటు తీసుకోవచ్చు కానీ దాని పన్ను 191 యూరోలు, కాబట్టి పన్ను కోసమైతే మాకు అక్కర్లేదు.

కొనేవాళ్లు ఉదయాన్నే, చల్లటి ఇంజిన్ మీద బండి చూడండి. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకోరోజు వస్తామని చెప్పండి. రాత్రంతా నిలబడిన బండి వెనక ఎత్తు ఎంతుందో గమనించండి. ట్యాంకు మీద తేదీ చదవండి. డిక్కీలో కార్పెట్ ఎత్తి తడి ఉందేమో తాకి చూడండి. బిల్లుల కట్ట లేని నిగనిగలాడే బండి కన్నా బిల్లులున్న గీతల బండి మేలు.

మా కూలింగ్ పార్టులకు తొమ్మిదేళ్లు నిండాయి, వచ్చే ఎండాకాలం లోపు రెండోసారి మొత్తం మార్చాలి. దానికంటే ముందు ఇంకో పని ఉంది. గేర్ బాక్సుకీ వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే షాఫ్టుకీ మధ్యనున్న రబ్బరు డిస్కులో, బోల్టు రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్లు కనిపించాయి. కొత్తది తెప్పించాను, డిక్కీలోనే ఉంది. శనివారం ఉదయం ఎనిమిదింటికి లిఫ్టు బుక్ చేశాను.