షుగర్ ఉన్నవాళ్లకు టెన్షన్ తగ్గించే యాప్‌లు: ఏది పనికొస్తుంది, ఎంతవరకు

టెన్షన్ పడ్డప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. కాలేయం తన దగ్గర దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. తిండిలో, మాత్రల్లో ఏ తేడా లేకపోయినా రీడింగ్ పెరగడానికి ఇదొక కారణం. ఈ టెన్షన్ తగ్గిస్తామనే యాప్‌లు ప్లేస్టోర్‌లో కొల్లలుగా ఉన్నాయి. వాటికి మీ షుగర్ ఎంతుందో తెలియదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

చెమటలు, వణుకు, గుండెదడ టెన్షన్‌లోనూ వస్తాయి, షుగర్ పడిపోయినప్పుడూ వస్తాయి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు అలాంటప్పుడు యాప్ తెరవకుండా ముందు మీటరు తియ్యాలి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల పంచదార, అంటే మూడు నాలుగు చిన్న చెంచాలు, నీళ్లలో కలిపి తాగి 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. బీపీకి, గుండెకు బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఆ దడ తెలియకపోవచ్చు కూడా.

వీటిలో మా మొదటి ఓటు ఇన్‌సైట్ టైమర్‌కు. దాని ధ్యానం పాఠాల భండారం కోసం కాదు, అందులో ఉచితంగా దొరికే ఒట్టి టైమర్ కోసం. ఇంగ్లీషు గొంతు చెప్పేది అర్థం చేసుకోవడమే ఇంకో శ్రమ అయ్యే పెద్దవాళ్లకు మాటలు లేని గంట మోత చాలు. వ్యవధి 10 నిమిషాలు పెట్టి, ఐదో నిమిషానికి ఒక గంట మోగేలా అమర్చుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. అంకెకో సెకను చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. బలవంతంగా, లోతుగా లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాన్ని షుగర్ తిమ్మిరి అనుకుని కంగారుపడేవాళ్లున్నారు. అలా అయితే మూడు, ఐదుకు తగ్గించండి. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు ఊపిరి బిగబట్టే పాఠాలు, కపాలభాతి లాంటివి కంటి డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఇంగ్లీషు ఇబ్బంది లేనివాళ్లకు ధ్యానం నేర్పే మెడిటో యాప్ మంచిది. లాభాపేక్ష లేని సంస్థది, పూర్తిగా ఉచితం. బెంగళూరులో పుట్టిన వైసా చాట్‌బాట్, అంటే మనం టైపు చేసినదానికి తనే జవాబిచ్చే ప్రోగ్రాం. "జీవితాంతం ఈ సూదులేనా" లాంటి ఆలోచన రాత్రుళ్లు తొలుస్తుంటే, దాన్ని టైపు చేసి విడదీసి చూసుకోవడానికి సాయపడుతుంది. మందు మోతాదు మాత్రం దాన్ని అడగొద్దు. ఫోన్ కెమెరా మీద వేలు పెట్టించి ఒత్తిడి స్కోరు చెప్పే యాప్‌లను మేం సిఫారసు చేయం. గుండె వేగంలో హెచ్చుతగ్గుల్ని బట్టి అవి లెక్కగడతాయి. ఏళ్ల తరబడి షుగర్‌తో గుండెకు వెళ్లే నరాలు దెబ్బతిన్నవాళ్లలో ఆ హెచ్చుతగ్గులు ఎలాగూ తగ్గిపోతాయి కాబట్టి, ప్రశాంతంగా కూర్చున్నా స్కోరు భయపెడుతుంది.

ఫలితం చూడాలని ఆ పది నిమిషాల సాధనకు ముందూ తర్వాతా వేలు పొడుచుకోవడం స్ట్రిప్పులు దండగ. మీటరు ప్రమాణమే 100 పైన 15 శాతం అటూ ఇటూ తేడాను ఒప్పుకుంటుంది. అసలు 160 ఉన్నా 136 నుంచి 184 దాకా ఏదైనా చూపించొచ్చు. తెల్లవారుజామున హార్మోన్ల వల్ల పెరిగే పరగడుపు షుగర్‌ను కూడా టెన్షన్ ఖాతాలో వేయకూడదు. రోజూ ఒకే వేళకు చూసుకున్న రీడింగులు రెండు వారాలవి పక్కపక్కన పెట్టండి. నిద్ర ఎలా పట్టింది, మాత్ర మరిచిపోయారా అన్నదీ పక్కనే రాయండి. దీనికి మైషుగర్ యాప్ బాగుంటుంది. అక్యూచెక్ ఇన్‌స్టంట్ మీటరుంటే రీడింగులు బ్లూటూత్‌లో వాటంతటవే ఎక్కుతాయి. మూడు నెలలకోసారి చేయించే హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్షే, నమ్మదగ్గ లెక్క.

కామ్, హెడ్‌స్పేస్ లాంటివి ఉచిత ట్రయల్ అయ్యాక డబ్బు కోసుకుంటాయి. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లేస్టోర్‌లో మీ ఫొటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి.

షుగర్ మీద విసుగుతో మందులు మానేయాలనిపిస్తున్నా, రోజుల తరబడి దిగులు వదలకపోయినా యాప్‌లతో కాలయాపన చేయొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.